ఆసుపత్రి లైబ్రరీలో ప్రాజెక్టు నడపడం ఎలా: మొదటి కాగితం నుంచి అప్పగింత దాకా

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మెడికల్, నర్సింగ్ కాలేజీల్లోనూ ఆసుపత్రుల్లోనూ లైబ్రరీ చూసుకునే తెలుగువాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "పుస్తకాల పని మాకొచ్చు. పైవాళ్ళు ఒక ప్రాజెక్టు అప్పగిస్తే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియదు." ఈ మార్గదర్శి వాళ్ళకోసం.

మొత్తం ఒకే ఉదాహరణ మీద చెబుతాను. వానాకాలానికి ముందే ఓఆర్‌ఎస్, జింక్ మాత్రల వాడకం గురించి ఒడియా, తెలుగు భాషల్లో ఒక సమాచార పత్రం తయారుచేసి, రాయగడ జిల్లాలోని ఆశా కార్యకర్తల చేతికి అందించాలి. కాశీపూర్ బ్లాకులో 2022 జూలైలో కలరా వచ్చి మనుషులు చనిపోయారు. ఆ ప్రాంతంలో ఇలాంటి కాగితం వానలు మొదలయ్యాక చేరితే సగం పనికి రాదు. అందుకే ఈ ఉదాహరణలో గడువు నిజమైన గడువు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. పని పూర్తయిందని ఎవరు ఒప్పుకుంటారు, ఏది చూసి ఒప్పుకుంటారు అన్నది మొదటి వారంలోనే కాగితం మీద పెట్టండి. నేను చూసిన ప్రాజెక్టుల్లో ఆగిపోయినవాటిలో చాలావరకు డబ్బు లేక ఆగలేదు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేక ఆగాయి.

## 1. ఇది ప్రాజెక్టా, రోజువారీ పనా?

పుస్తకాలు ఇవ్వడం, జర్నల్స్ సర్దడం, డాక్టర్లు అడిగిన వ్యాసాలు వెతికి పెట్టడం రోజువారీ పనులు. వాటికి ముగింపు తేదీ ఉండదు. ఒక మొదలు, ఒక ముగింపు, చివర్లో చేతికొచ్చే ఒక వస్తువు ఉంటే అది ప్రాజెక్టు.

ఈ తేడా చూసుకోకపోతే వచ్చే నష్టం చాలా మామూలుగా ఉంటుంది. ప్రాజెక్టు పనంతా సాయంత్రం ఐదు తర్వాతకు జారిపోతుంది. కాబట్టి ఒప్పుకునే రోజే అడగండి: "సార్, దీనికి వారానికి ఎన్ని గంటలు పెట్టుకోమంటారు? ఆ గంటల్లో కౌంటర్ ఎవరు చూస్తారు?" వచ్చిన జవాబును రాసుకుని, చిన్న మెయిల్‌గా తిరిగి పంపండి.

## 2. ఒక పేజీ పత్రం

నలభై పేజీల ప్రపోజల్ ఎవరూ చదవరు. ఒక పేజీ చాలు. మన ఉదాహరణకు అది ఇలా ఉంటుంది.

- సమస్య: ఇంట్లో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్‌ఎస్ సరైన కొలతలో కలపడం లేదు, జింక్ మాత్రలు మధ్యలోనే ఆపేస్తున్నారు.
- చేతికొచ్చేది: రెండు వైపులా ముద్రించిన ఏ5 కార్డు, ఒకవైపు ఒడియా, రెండోవైపు తెలుగు, మధ్యలో బొమ్మలు.
- ఎవరికి: ఎంపిక చేసిన బ్లాకుల్లోని ఆశా కార్యకర్తలకు, వాళ్ళ ద్వారా తల్లులకు.
- ఎప్పటికి: మే 31కి ఆశా కార్యకర్తల చేతిలో.
- పూర్తయిందనడానికి గుర్తు: ప్రతి సెక్టార్ మీటింగ్ (కొన్ని ఊళ్ళ ఆశా కార్యకర్తలు కలిసే సమావేశం) నుంచి పంపిణీ రిజిస్టర్‌లో సంతకాలు.
- ఒప్పుకునేది: ఒకే ఒక్క అధికారి, హోదాతో సహా.
- డబ్బు ఎక్కడిది: ఏ పద్దు, ఏ ఆర్థిక సంవత్సరం.

చివరి రెండు వరుసలు ఖాళీగా ఉంటే ప్రాజెక్టు ఇంకా మొదలవలేదని అర్థం. డీటీపీ షాపుకి వెళ్ళకండి.

## 3. మనుషుల జాబితా

ఒక కాగితాన్ని నాలుగు గళ్ళుగా విడగొట్టండి: పని చేసేవారు, పనికి జవాబు చెప్పేవారు, సలహా ఇచ్చేవారు, కబురు మాత్రం అందాల్సినవారు. ఒక్కో పనికి చేసేవారు ఎందరైనా ఉండొచ్చు. జవాబు చెప్పేవారు మాత్రం ఒక్కరే ఉండాలి.

మన పనిలో విషయానికి జవాబుదారు పిల్లల డాక్టరు. ప్రాజెక్టుకు జవాబుదారు మీరు. ఆఖరి సంతకం సీడీఎంఓ (జిల్లా ముఖ్య వైద్యాధికారి) ఆఫీసుదో, మీ ప్రిన్సిపాల్‌దో ముందే తేల్చుకోండి. ఇద్దరిదీ కావాలంటే ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది కూడా రాసుకోండి. లేకపోతే ఫైలు ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కి తిరుగుతూనే ఉంటుంది.

సలహా గడిలో చాలామంది మర్చిపోయే పేరు ఆశా కార్యకర్తది. కార్డు చేత్తో పట్టుకుని వివరించాల్సింది ఆవిడే. కనీసం ఇద్దరిని, ఒకరు ఒడియా ఇంటివారు, ఇంకొకరు తెలుగు ఇంటివారు, మొదటి సమావేశానికే పిలవండి. దారి ఖర్చులు బడ్జెట్‌లో పెట్టండి. ఆ రోజు ఆవిడ మిగతా పని వదులుకుని వస్తుంది.

## 4. హద్దులు: ఏది ఉంటుంది, ఏది ఉండదు

రెండు జాబితాలు రాయండి. రెండోదే ముఖ్యం.

ఉండేవి: ఓఆర్‌ఎస్ కలపడం, జింక్ ఎన్ని రోజులు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన ప్రమాద సూచనలు, 108 నంబరు.

ఉండనివి: మలేరియా, టీకాలు, ఆరోగ్య బీమా పథకాల వివరాలు.

మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ఎలాగూ ప్రింట్ చేస్తున్నాం కదా, పథకాలు కూడా వేసేద్దాం." వద్దని గట్టిగా చెప్పండి. ఒడిశాలో బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన 2024లో గోపబంధు జన ఆరోగ్య యోజనగా మారింది. సరిహద్దు దాటితే ఆంధ్రలో ఆరోగ్యశ్రీ అదే ఏడాది ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళానికో, జయపురం నుంచి విశాఖ కేజీహెచ్‌కో వెళ్ళే కుటుంబాలకు రెండు రాష్ట్రాల పేర్లూ చెవిన పడతాయి. పథకం పేరు మారిన రోజున కార్డు మొత్తం పాతదైపోతుంది. ఓఆర్‌ఎస్ కొలత అలా మారదు. త్వరగా పాతబడేదాన్ని, ఏళ్ళ తరబడి నిలిచేదాన్ని ఒకే కాగితం మీద వేయొద్దు.

కుయి, సవర భాషల్లో వాయిస్ క్లిప్పులు కావాలన్న కోరిక కూడా వస్తుంది. చాలా మంచి కోరిక. అయినా అది వేరే ప్రాజెక్టు. "తర్వాత చేయాల్సినవి" అని ఒక పేజీ పెట్టుకుని అందులో రాయండి. అడిగిన మనిషికి ఆ పేజీ చూపించండి, తన మాట గాలికి పోలేదని తెలుస్తుంది.

## 5. పనిని ముక్కలు చేయడం

ఒక్కో ముక్క రెండు రోజుల నుంచి రెండు వారాల లోపు ఉండాలి. ఒక్కోదానికి "ఇది ఉంటే అయినట్టు" అనే గుర్తు రాయాలి.

1. ఆధారాల సేకరణ: వెతుకులాట చిట్టా, ఎంచుకున్న మార్గదర్శకాల ప్రతులు.
2. మూల పాఠం: డాక్టరు సంతకం ఉన్న ఒక పేజీ.
3. బొమ్మలు: పెన్సిల్ స్కెచ్‌లకు ఆమోదం.
4. ఒడియా, తెలుగు పాఠాలు: విడివిడిగా మరొకరు చదివి సరిచూసిన ప్రతులు.
5. ఊళ్ళో పరీక్ష: జవాబుల కాగితాలు, మార్పుల జాబితా.
6. డీటీపీ, ప్రూఫ్: చివరి ప్రూఫ్ మీద సంతకాలు.
7. ముద్రణ, లెక్కపెట్టి దించుకోవడం: చలానా.
8. పంపిణీ: రిజిస్టర్.
9. ముగింపు ఫైలు.

"అనువాదం జరుగుతోంది" అనే మాట ఏ రిపోర్టులోనూ రానివ్వకండి. అయిందా, కాలేదా? కాకపోతే ఎప్పటికి? అంతవరకే.

## 6. క్యాలెండర్: చివరి నుంచి వెనక్కి

ఇక్కడ తొందరపడొద్దు. మామూలుగా అందరూ ఈరోజు నుంచి ముందుకు లెక్కేస్తారు. మీరు చివరి తేదీ నుంచి వెనక్కి రండి.

- మే 31: కార్డులు చేతుల్లో. జూన్ రెండో వారానికల్లా వానలు పడొచ్చు, కొండదారులు పాడవుతాయి.
- మే 15 నుంచి 30: సెక్టార్ మీటింగుల్లో పంపిణీ.
- మే 1 నుంచి 14: ముద్రణ, కట్టలు కట్టడం.
- ఏప్రిల్ చివరి పది రోజులు: డీటీపీ, ప్రూఫులు, ఆఖరి సంతకం.
- ఏప్రిల్ మొదటి రెండు వారాలు: ఊళ్ళో పరీక్ష, దిద్దుబాట్లు. మధ్యలో మిగిలే కొద్ది రోజులు ముట్టుకోకుండా ఉంచే ఖాళీ.
- మార్చి: రెండు భాషల పాఠాలు.
- ఫిబ్రవరి: మూల పాఠం, స్కెచ్‌లు.
- జనవరి: ఒక పేజీ పత్రం, సంతకాలు, ఆధారాలు.

దీని మీద ఇప్పుడు స్థానిక క్యాలెండర్ పరచండి. చైత్ర మాసంలో రాయగడ మజ్జిగౌరమ్మ జాతర ఉంటుంది, కొరాపుట్ వైపు చైత్ర పండగ ఉంటుంది. బరంపురంలో ఠాకురాణి యాత్ర జరిగే ఏడాది ప్రెస్సుల్లో పనివాళ్ళు దొరకరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆడవాళ్ళు తెల్లవారకముందే ఇప్పపూలు ఏరడానికి వెళ్తారు, ఉదయం పూట ఊళ్ళోకెళ్తే పరీక్షకు ఎవరూ ఉండరు. పరీక్షను మమతా దివస్ (ఊళ్ళో తల్లీపిల్లల ఆరోగ్య సేవలకు పెట్టే రోజు) నాడు పెట్టుకుంటే తల్లులు ఎలాగూ వస్తారు. ఎన్నికల కోడ్ వచ్చే అవకాశం ఉన్న ఏడాదైతే ముద్రించిన ప్రచార సామగ్రి పంచొచ్చో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి.

ఇక మార్చి 31. ఈ ఏడాది డబ్బు అయితే ఆ తేదీలోపు ఖర్చు చూపాలి. వచ్చే ఏడాది డబ్బు అయితే ఏప్రిల్‌లో చేతికి రాకపోవచ్చు. మన క్యాలెండర్‌లో ముద్రణ మేలో ఉంది. కాబట్టి జనవరిలోనే అకౌంట్స్ విభాగంతో కూర్చుని మే బిల్లు ఏ పద్దు నుంచి వస్తుందో తేల్చుకోండి. ఈ సంభాషణ ఎంత ఆలస్యమైతే టెన్షన్ అంత పెరుగుతుంది.

ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేయడం. ఒక్కో పనికి మూడు అంకెలు రాయండి: అన్నీ కలిసొస్తే, మామూలుగా, అన్నీ ఎదురు తిరిగితే. మామూలు అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించండి. సంతకానికి 2, 5, 14 రోజులు అనుకుంటే: 2 + 20 + 14 = 36, ఆరుతో భాగిస్తే 6 రోజులు. అధికారికి చెప్పేటప్పుడు కూడా ఈ లెక్క పనికొస్తుంది, "నాకనిపిస్తోంది" అనాల్సిన అవసరం ఉండదు.

ఏ పని ఆగితే అన్నీ ఆగుతాయి? బొమ్మలు, అనువాదం ఒకేసారి నడవొచ్చు. మూల పాఠం మీద డాక్టరు సంతకం లేకుండా అనువాదం మాత్రం మొదలుకాదు. మూల పాఠం, అనువాదం, పరీక్ష, ప్రూఫ్, ముద్రణ, పంపిణీ ఒక గొలుసు. ఇందులో ఒక రోజు జారితే చివరి తేదీ ఒక రోజు జారుతుంది. చార్టులో ఈ గొలుసును ఎర్ర పెన్నుతో గీయండి. మీ దృష్టి ముందు అక్కడే ఉండాలి.

సాఫ్ట్‌వేర్ గురించి చాలామంది అడుగుతారు. ఎక్సెల్ లేదా లిబ్రే ఆఫీస్ షీటు చాలు, నెట్ బాగుంటే గూగుల్ షీట్స్. షీటును ప్రింట్ తీసి లైబ్రరీ గోడకు అంటించండి. గోడ మీదున్నది అందరి కళ్ళా పడుతుంది.

## 7. డబ్బు

బడ్జెట్‌లో ముద్రణ ఒక్కటే రాసేసి ఊరుకుంటారు. ఇవి కూడా రాయండి: బొమ్మలు వేసినవారికి, అనువాదం సరిచూసినవారికి, డీటీపీకి, ఊళ్ళో పరీక్ష రోజు ప్రయాణానికీ టీ టిఫిన్లకూ, రవాణాకు, అనుకోని ఖర్చులకు పదో వంతు.

తెలుగు పేజీ పార్వతీపురంలోనో శ్రీకాకుళంలోనో, ఒడియా పేజీ బరంపురంలో చేయించుకుందాం అని కొందరనుకుంటారు. పక్క రాష్ట్రం ప్రెస్సు ఇచ్చే బిల్లులో ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పడే జీఎస్‌టీ) ఉంటుంది. అది మీ అకౌంట్స్‌కి కొత్తైతే బిల్లు వెనక్కి రావొచ్చు. కొటేషన్లు అడిగే ముందే చెప్పి ఉంచండి. నా సలహా అయితే టైప్‌సెట్టింగ్ ఎక్కడైనా చేయించండి, ముద్రణ మాత్రం ఒకే ప్రెస్సుకు ఇవ్వండి.

కొటేషన్‌లో సైజు, కాగితం మందం జీఎస్ఎంలలో, రంగులు, లామినేషన్, ప్రతుల సంఖ్య, డెలివరీ స్థలం, తేదీ అన్నీ మీరే రాసి ఇవ్వండి. ఒక్కో ప్రెస్సు ఒక్కో లెక్కన రేటు చెబితే పోల్చడం కుదరదు.

## 8. ఏం తేడా కొట్టొచ్చు?

ఆరేడు వరుసల పట్టిక చాలు. జరిగే అవకాశానికి 1 నుంచి 3, జరిగితే నష్టానికి 1 నుంచి 3, రెండూ గుణించండి. 6, ఆపైన వచ్చినవాటికి తప్పకుండా ముందే మందు రాసుకోండి.

- అధికారి బదిలీ (2 × 3 = 6): ఒక పేజీ పత్రం, ఆమోదాలు ఫైల్లో ఉండాలి. కొత్తవారు వచ్చిన మొదటి వారంలోనే కలవాలి.
- డాక్టరు డ్యూటీల వల్ల సమయం ఇవ్వలేకపోవడం (3 × 3 = 9): రెండో డాక్టరు పేరు జనవరిలోనే ఖాయం చేయాలి.
- డీటీపీలో అక్షరాలు విరగడం (3 × 2 = 6): పదకొండో అంశంలో చూడండి.
- వానలు ముందే రావడం (1 × 3 = 3): దూరపు సెక్టార్లకు ముందు పంపాలి.

ప్రతి వరుస పక్కన ఒక మనిషి పేరు ఉండాలి. "అందరూ జాగ్రత్తగా ఉండాలి" అంటే ఎవరూ ఉండరు.

## 9. ఆధారాలు: ఇది మీ సొంత విద్య

మిగతా వాళ్ళెవరూ చేయలేని భాగం ఇది. అందుకే నిర్లక్ష్యం చేయకండి.

ముందు ప్రశ్నలు రాయండి: ఏ వయసు పిల్లలు, ఏం ఇవ్వాలి, ఎంత, ఎన్నాళ్ళు. తర్వాత ఈ వరుసలో వెతకండి: కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు, డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ పత్రాలు, ఆ తర్వాతే పబ్‌మెడ్ (వైద్య పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ సూచీ). పబ్‌మెడ్‌లో మెష్ పదాలతో (వైద్య విషయాలకు స్థిరపరచిన ప్రామాణిక పదాలు) వెతికి, వాడిన పదాలు, తేదీ, వచ్చిన ఫలితాలు చిట్టాలో రాయండి. మీది ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థ అయితే 2025 జనవరి నుంచి మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లో (జర్నల్స్‌కు కేంద్రం కట్టే ఉమ్మడి చందా పథకం) మీ సంస్థ నమోదైందో లేదో చూడండి. కావాల్సిన వ్యాసం అక్కడ దొరకొచ్చు.

కార్డులో వచ్చే ప్రతి వాక్యం పక్కన, మీ ఫైలు ప్రతిలో, అది ఏ పత్రం ఏ పేజీ నుంచి వచ్చిందో రాయండి. ఉదాహరణకు జింక్: రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు రోజుకు 10 మి.గ్రా., ఆరు నెలలు దాటినవారికి 20 మి.గ్రా., విరేచనాలు తగ్గినా 14 రోజులూ ఇవ్వాలి. రేపు ఎవరైనా "14 ఎందుకు, 10 చాలదా?" అని అడిగితే, మన దేశ కార్యక్రమం 14 అంటోందనీ, డబ్ల్యూహెచ్‌ఓ 10 నుంచి 14 అంటోందనీ కాగితం తీసి చూపించగలగాలి.

## 10. ఊళ్ళో పరీక్ష

ఇది చేయకుండా ముద్రణకు పోవద్దు. మిగతావన్నీ సరిగా ఉండి ఇదొక్కటి లేకపోయినా కార్డు వృథా.

ముందు లిపి తేల్చండి. ఈ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివినవాళ్ళు చాలామంది. వాళ్ళకు తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. "మీ ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని ఒక్కటే అడిగి తెలుగు కార్డు ఇచ్చేస్తే అది గూట్లోకి పోతుంది. రెండో ప్రశ్న కూడా అడగండి: "ఇందులో ఏది చదువుతారమ్మా?" అని రెండు వైపులూ చూపించండి. ఒకే కార్డుకు రెండు వైపులా రెండు లిపులు పెట్టింది ఇందుకే. ఒక ఇంట్లో అత్తగారు తెలుగు వైపు, కోడలు ఒడియా వైపు చూడొచ్చు. ఇద్దరికీ చదువు రాకపోతే మధ్యలో ఉన్న బొమ్మలే ఆధారం.

"అర్థమైందా?" అని అడగొద్దు. అందరూ తలూపుతారు. ఓఆర్‌ఎస్ పాకెట్టు, ఇంట్లో ఉన్న గిన్నె, చెంబు, నీళ్ళు ముందు పెట్టి, "ఈ కాగితం చూసి కలిపి చూపించమ్మా" అనండి. మీరు మాట్లాడకండి. చేతులు గమనించండి.

కాగితం మీద "ఒక పాకెట్టు, ఒక లీటరు నీళ్ళు" అని తప్పులేకుండానే ఉంటుంది. తల్లి సగం పొడి గ్లాసులో వేసి, మిగతా సగం మడిచి రేపటికి దాస్తుంది. లీటరంటే ఎంతో చూపే కొలపాత్ర ఇంట్లో లేదు. పైగా ఆశా ఇచ్చేది లీటరు పాకెట్టు, మందుల షాపులో దొరికే చిన్న పాకెట్టు 200 మిల్లీలీటర్లది. రెండూ చూడ్డానికి ఒకేలా మెరుస్తాయి. చిన్న పాకెట్టు లీటరు నీళ్ళలో కలిపితే పల్చనవుతుంది, పెద్దది గ్లాసులో కలిపితే చిక్కనై బిడ్డకు హాని చేస్తుంది.

దీనికి మందు బొమ్మలోనే ఉంది. లీటరు వాటర్ బాటిల్ బొమ్మ, పక్కన పెద్ద పాకెట్టు, పాకెట్టు మొత్తం ఒకేసారి వంచుతున్న చెయ్యి. కింద ఒక వాక్యం: "పాకెట్టు మీద ఎన్ని నీళ్ళని రాసి ఉందో అన్నే పొయ్యండి. కలిపినది 24 గంటల్లో వాడండి, మిగిలితే పారబొయ్యండి."

జింక్ దగ్గర అడగాల్సిన ప్రశ్న: "మూడో రోజుకి విరేచనాలు ఆగిపోయాయి. ఇప్పుడేం చేస్తావమ్మా?" ఆపేస్తానంటే కార్డు పని చేయలేదన్నమాట. వాక్యం బదులు పద్నాలుగు చిన్న గళ్ళు వేసి, రోజుకొకటి కొట్టేయమంటే చదువు రానివారికి కూడా పని జరుగుతుంది.

పరీక్షకు వెళ్ళేముందు చెక్‌లిస్టు:

- నలుపు తెలుపు నమూనా కార్డులు (రంగు ప్రింట్లకు ఇప్పుడే ఖర్చు పెట్టొద్దు)
- పెద్దవి, చిన్నవి ఓఆర్‌ఎస్ పాకెట్టులు, జింక్ మాత్రల షీటు
- ప్రశ్నల కాగితం, ఒక్కో తల్లికి ఒకటి, పేర్లు రాయకుండా
- ఒడియా, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషి
- సర్పంచికి, ఏఎన్‌ఎంకి ముందుగా కబురు
- ఫోటో తీయాలంటే తల్లి అనుమతి

అందరూ ఒకేచోట తడబడితే తప్పు కార్డుది. మార్చండి, మళ్ళీ ఇంకో ఊళ్ళో చూపించండి.

## 11. డీటీపీ, ప్రూఫ్, ముద్రణ

మీరు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) టైప్ చేసి ఇస్తారు. చాలా షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు వాడతారు. యూనికోడ్‌ను ఆ ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, క్ష, జ్ఞ లాంటివి చెదురుతాయి, అంకెలు కూడా ఒక్కోసారి మారతాయి. మందు మోతాదులో అంకె మారితే అది అచ్చుతప్పు స్థాయి దాటిన ప్రమాదం.

చేయాల్సిన వరుస:

1. షాపులో ఇన్‌డిజైన్ వంటి యూనికోడ్ పట్టే సాఫ్ట్‌వేర్ ఉందా అని మొదటే అడగండి. ఉంటే మార్పిడి బాధే లేదు.
2. లేకపోతే మార్పిడి అయ్యాక పూర్తి పాఠాన్ని కొత్తగా ప్రూఫ్ చదవండి. వర్డ్ ఫైల్లో ఒకసారి చదివాం కదా అనుకోవద్దు.
3. ఒడియా ప్రూఫ్ ఒడియా బడిలో చదువుకున్నవారే చూడాలి. మాట్లాడ్డం వచ్చినంత మాత్రాన చాలదు.
4. అంకెలను విడిగా, ఒకరు మూల పాఠం పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫ్ చూస్తూ, సరిపోల్చండి.
5. కంప్యూటర్ తెర మీద, వాట్సాప్ ఫోటో మీద ఆమోదం చెప్పకండి. అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీయించండి.
6. చివరి ప్రూఫ్ మీద డాక్టరు, రెండు భాషల సరిచూపరులు, మీరు సంతకం, తేదీ వేయండి. ఆ తర్వాత ఒక్క కామా కూడా ఫోన్లో మార్చొద్దు.

కార్డు మూలలో చిన్న అక్షరాల్లో తయారైన నెల, సంవత్సరం, తిరిగి సరిచూడాల్సిన సంవత్సరం వేయండి. పీడీఎఫ్‌తో పాటు అసలు డీటీపీ ఫైలు, వాడిన ఫాంట్లు అడిగి తీసుకోండి. ఇది కొటేషన్‌లోనే రాసి ఉంటే తర్వాత గొడవ ఉండదు.

డెలివరీ రోజు కట్ట మధ్యలోంచి కార్డులు తీసి చూడండి. పైన ఉన్నవి ఎప్పుడూ బాగానే ఉంటాయి.

## 12. వారం వారం నడిపించడం

శనివారం పావుగంట చాలు. మూడే ప్రశ్నలు: పోయిన వారం ఏది పూర్తయింది, ఈ వారం ఏది పూర్తవుతుంది, ఎక్కడ ఆగింది. అయ్యాక అయిదు వరుసల నోట్ అందరికీ వాట్సాప్‌లో, దాని నకలు ఫైల్లో.

మధ్యలో మార్పు అడిగితే మీటింగ్‌లోనే ఒప్పుకోవద్దు, కాదనొద్దు. "రాసి ఇవ్వండి సార్, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు పెరుగుతుందో సోమవారానికి చెబుతాను" అనండి. లెక్క చూశాక సగం మార్పులు వాళ్ళే వదిలేస్తారు. మిగతావి నిజంగా అవసరమైనవే ఉంటాయి.

ఆలస్యమైతే దాచకండి. "మూడు రోజులు వెనకబడ్డాం, కారణం ఇది, ఖాళీగా ఉంచిన రోజుల్లోంచి సర్దుతున్నాం" అని ఆ వారమే చెబితే అధికారి సాయం చేయగలరు.

## 13. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

సంతకం దగ్గర ఫైలు ఆగిపోయింది. ఫైలు పైన ఒక చీటీ పెట్టండి: ఏం నిర్ణయించాలి, ఎప్పటిలోగా, ఆలస్యమైతే ఏమవుతుంది. ఆయన పది నిమిషాల్లో తేల్చగలిగేలా ఉండాలి.

ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబుతున్నారు. మీరు తీర్పు చెప్పకండి. ఇద్దరి ముందూ మార్గదర్శక పత్రం పేజీ పెట్టండి. జవాబుదారు ఎవరని మూడో అంశంలో రాశామో ఆయన మాటే ఆఖరు.

తెలుగు పాఠం పుస్తకాల భాషలా ఉంది. విజయవాడ తెలుగు ఇక్కడ కొంత కొత్తగా వినిపిస్తుంది. ఊళ్ళో పరీక్షలో తల్లులు వాడిన మాటలు రాసుకుని, వాటినే పెట్టండి.

కార్డులు పీహెచ్‌సీ బీరువాలో ఉండిపోయాయి. పంపిణీని ముద్రణకు తోకలా చూస్తే ఇలాగే అవుతుంది. సెక్టార్ మీటింగ్ తేదీల జాబితా ఏప్రిల్‌లోనే తెచ్చుకోండి. ప్రతి మీటింగ్‌లో పది నిమిషాలు అడిగి, ఒక ఆశా చేత మిగతావాళ్ళకు కలిపి చూపించండి.

టీమ్‌లో ఒకరు మధ్యలో వెళ్ళిపోయారు. ఫైళ్ళన్నీ ఒకే ఫోల్డర్‌లో, తేదీతో పేరు పెట్టి ఉంటే కొత్తవారు ఒక్క పూటలో అందుకుంటారు. వ్యక్తిగత ఫోన్లలో ఉంటే మళ్ళీ మొదటికి రావాలి.

## 14. ఇదే పద్ధతి వేరే పనికి

కోహా లేదా ఇ-గ్రంథాలయ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్లలోకి కేటలాగ్ మార్చడం, స్టాక్ వెరిఫికేషన్ (పుస్తకాలన్నీ ఉన్నాయో లేదో సరిచూడడం) లాంటివి కూడా ఇలాగే నడుస్తాయి. అక్కడ ఊళ్ళో పరీక్ష స్థానంలో ఓ వంద రికార్డులతో నమూనా మార్పిడి ఉంటుంది. తెలుగు, ఒడియా పేర్లు సరిగా కనిపిస్తున్నాయో, యాక్సెషన్ నంబర్లు (ఒక్కో పుస్తకానికి ఇచ్చే వరుస సంఖ్య) ఏవైనా రెండుసార్లు వచ్చాయో అందులోనే బయటపడుతుంది.

స్టాక్ వెరిఫికేషన్‌కి హద్దులు నియమాల్లోనే ఉన్నాయి. కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు 2017 ప్రకారం 20,000 పుస్తకాల వరకు ఉంటే ఏటా పూర్తిగా, 20,000 నుంచి 50,000 వరకు ఉంటే మూడేళ్ళకోసారైనా సరిచూడాలి. ఇచ్చిన లేదా చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే, మోసం, నిర్లక్ష్యం లేనప్పుడు, దాన్ని సహజ నష్టంగా చూడొచ్చు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమైతే విచారణ తప్పదు. మెడికల్ పుస్తకాల ధరలు తెలిసినవే కాబట్టి ఈ చివరి నియమం మనకు చాలా వర్తిస్తుంది. రాష్ట్ర సంస్థలైతే తమ రాష్ట్ర నియమాలు చూసుకోవాలి.

## 15. ముగింపు ఫైలు

పంపిణీ అయిన రెండు వారాల్లో ఈ కాగితాలు ఒకచోట పెట్టి, ఒప్పుకునే అధికారి సంతకం తీసుకోండి:

- ఒక పేజీ పత్రం, దాని మీద జరిగిన మార్పులు
- వెతుకులాట చిట్టా, ఆధారాల ప్రతులు
- ఊళ్ళో పరీక్ష కాగితాలు, ఏ మార్పు ఎందుకు చేశామో
- సంతకాలున్న చివరి ప్రూఫ్
- డీటీపీ ఫైలు, ఫాంట్లు, పీడీఎఫ్, రెండు చోట్ల
- బిల్లులు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే పత్రం) నకలు
- పంపిణీ రిజిస్టర్
- మిగిలిన కార్డులు ఎన్ని, ఎక్కడ ఉన్నాయి
- "తర్వాత చేయాల్సినవి" పేజీ
- కార్డును తిరిగి సరిచూసే తేదీ, ఆ పని ఎవరిది

చివరి వరుసలో మనిషి పేరు కాకుండా హోదా రాయండి. పక్కనే వచ్చే జనవరి తేదీ వేసి, అదే రోజు లైబ్రరీ క్యాలెండర్‌లో కూడా గుర్తు పెట్టండి.